ప్రాత కారునకు క్రొత్త ఇంజను: తీగెల సంగతి

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ఇంకను కొన్ని యిండ్ల ముందట వేపచెట్టు నీడను తాతల నాటి అంబాసిడరు కారు నిలిచి యుండుట కలదు. దాని రేకు మందము, సీటు వెడల్పు, ఇంటిల్లిపాదియు అందులో నెక్కి కొండకు పోయిన జ్ఞాపకము, వీనివలన దానిని తూకమునకు అమ్ముటకు పెద్దలకు మనసొప్పదు. ఇంజను మాత్రము అరిగిపోయినది. విడిభాగములు దొరకుట కష్టము. అట్టి సమయమున ఎవరో ఒక మేస్త్రి వచ్చి, "దీనిలో క్రొత్త ఇంజను వేయవచ్చును సార్, ఏ.సి. కూడ పెట్టవచ్చును" అనును. వేయవచ్చును, నిజమే. ఇంజనును నిలుపు ఇనుప పట్టీలు, గేరుపెట్టెకు తగిన షాఫ్టు మొదలైనవి వెల్డింగు బాగుగ తెలిసినవాడు చేయగల పనులు. అసలు చిక్కు తీగెలలో నున్నది. పై తరగతుల విద్యార్థులు చదివిన ఓము సూత్రము ఇచ్చట ప్రతి అడుగునను పనికివచ్చును గనుక, ఆ తీగెలను గూర్చియే యిందు వ్రాయుచున్నాను.

ఇంజను మొదటిసారి తిరిగిన వెంటనే షెడ్డులో అందరును సంతోషింతురు, టెంకాయ కొట్టుదురు. పని ముగిసినదని లెక్క. కాని తీగెల పని మంచిదో చెడ్డదో తేలునది ఇంజను తిరిగినప్పుడు కాదు. ఆగవలసిన వేళ ప్రతి తీగెయు తన విద్యుత్తును ఆపుచున్నదా లేదా అని చూచినప్పుడే తేలును. ఈ మాట చిత్రముగా తోచవచ్చును. కొంచెము ఓపికతో చదివినచో విశదమగును.

ముందు ఆ కారు కథ. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో ఏర్పడి, పిదప కలకత్తా దాపున ఉత్తరపారాలో కర్మాగారము నెలకొల్పినది. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును ఆధారముగా గొని 1957లో అంబాసిడరు తయారీ ఆరంభమైనది. 2014 మే నెలలో నిలిచిపోయినది. అర్ధశతాబ్దమునకు మించిన ఆ కాలములో పైరూపము అంతగా మారలేదు గాని లోపలి ఇంజను మారినది. చాల కాలము 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, తరువాత డీసెలు ఇంజను, 1990వ దశకమున జపాను దేశపు ఇసుజు వారి 1817 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను అందులో నమర్పబడినవి. అనగా ప్రాత దేహములో క్రొత్త ఇంజను పెట్టుట షెడ్డు మేస్త్రులు కనిపెట్టిన వింత కాదు; తయారు చేసినవారే చేసి చూపిరి. ఆ ఇసుజు వారు 2016 నుండి మన శ్రీసిటీలో వాహనములు చేయుచున్నారు గనుక వారి పేరు ఈ ప్రాంతపు పిల్లలకు క్రొత్తది కాదు. అయితే కర్మాగారములో ఇంజను మారినప్పుడు దానికి తగిన తీగెల కట్టయు అక్కడనే సిద్ధమగును. షెడ్డులో మార్చువానికి అట్టి పటము లేదు, తానే గీసికొనవలయును.

ప్రాత కారు తీగెల తీరు మిక్కిలి సరళమైనది. బ్యాటరీ, డైనమో, దానిని అదుపు చేయు రెగ్యులేటరు పెట్టె, ఇగ్నిషన్ కాయిలు, దీపములు, హారను, ఇంతియే. డైనమో ఇచ్చునది సుమారు 20 ఆంపియర్లు. ఫ్యూజులు చాల బండ్లలో రెండే. లూకాస్ వారి పద్ధతి ననుసరించి తీగెలకు రంగుల గుర్తులు కలవు: గోధుమరంగు తీగెలో బ్యాటరీ నుండి ఎల్లప్పుడును విద్యుత్తు ఉండును, తెల్లనిది తాళము త్రిప్పినప్పుడు మాత్రమే, ఆకుపచ్చనిది తాళము త్రిప్పిన పిదప ఫ్యూజు గుండా, ఎఱ్ఱనిది ప్రక్క దీపములకు, నీలము పెద్ద దీపములకు, నల్లనిది ఎర్తు. చదువుకొనుటకు పాఠ్యపుస్తకము వలె నున్నది గదా. కాని అరువది యేండ్ల పిదప ఆ రంగులు మట్టికొట్టుకొని అన్నియు ఒకే రంగుగా కనబడును. నడుమ ఎందరో మేస్త్రులు దొరికిన తీగెతో అతుకులు వేసి యుందురు.

రంగును నమ్మి కలుపువానికి ఇంకొక గోతి కలదు. లూకాస్ పద్ధతిలో గోధుమరంగు ఎల్లప్పుడును ప్రాణమున్న తీగె. జర్మనుల పద్ధతిలో అదే గోధుమరంగు ఎర్తు తీగె. జర్మను ఇంజను తెచ్చి, గోధుమను గోధుమతో కలిపినవాడు బ్యాటరీ రెండు కొనలను నేరుగా ముడివేసినవాడగును. ఆ తీగెకు ఫ్యూజు లేనిచో పొగ వచ్చుటకు నిమిషము పట్టదు. దీనికి తోడు, 1960వ దశకము వరకు బ్రిటిషు వారి కార్లలో పెక్కింటికి బ్యాటరీ ధనధ్రువమును దేహమునకు కలుపు వాడుక యుండెను. నేటి ఇంజనులన్నిటికిని ఋణధ్రువమే ఎర్తు. ప్రాత బండిని విప్పుటకు ముందు బ్యాటరీ యొద్ద చూడవలసిన మొదటి సంగతి యిదియే. తలక్రిందులైనచో క్రొత్త ఇంజను కంప్యూటరు ఒక్క క్షణములో పాడగును.

కంప్యూటరు అంటిని. ప్రాత ఇంజనులో కార్బ్యురేటరు పెట్రోలును గాలితో కలుపును. డిస్ట్రిబ్యూటరు నిప్పురవ్వను పంచును. రెండును కన్నుతో చూచి, స్క్రూడ్రైవరుతో సరిదిద్దవచ్చును. క్రొత్త ఇంజనులో ఈ రెండు పనులను ఇ.సి.యు. అను పెట్టె చేయును. అది తానుగా దేనిని చూడలేదు. ఇంజను మీద అక్కడక్కడ నున్న సెన్సరులు పంపు వోల్టేజిని చదివి నిర్ణయించును. క్రాంకు షాఫ్టు ఎచ్చట నున్నది, నీరు ఎంత వేడిగా నున్నది, గాలి ఎంత వచ్చుచున్నది, ఇట్లు పదింటికి పైగా కబుర్లు దానికి చేరును. వానిలో కొన్ని ఒక వోల్టులో పదవవంతు తేడాతో అర్థము మారునవి.

కనుక చెన్నై పుదుపేట ప్రాత సామానుల అంగళ్ళలో ఇంజను ఒక్కటే బేరమాడి కొని తెచ్చుట తెలివైన పని కాదు. ఆ ఇంజనుతో పాటు దాని ఇ.సి.యు., తెగని తీగెల కట్ట, యాక్సిలరేటరు పెడలు, తుదకు తాళపుచెవి కూడ తేవలయును. తాళపుచెవి ఎందుకని అడుగుదురు. నేటి చెవులలో చిన్న చిప్పు ఉండును. దానిని గుర్తించినగాని ఇ.సి.యు. ఇంజనును తిరుగనీయదు. దొంగలకై పెట్టిన ఆ కాపలా, చెవిని మరచిన మేస్త్రిని గూడ దొంగగానే ఎంచును. అమ్మువాడు బిల్లు ఇచ్చుచున్నాడా, ఇంజను సంఖ్య చెరపక యున్నదా అనునది అక్కడనే చూచుకొనవలసిన సంగతి.

ఇక అమరిక. ప్రాత కట్టను క్రొత్త కట్టతో అంతట కలిపి ఒకటి చేయుటకు ప్రయత్నింపరాదు. దీపములు, హారను, వైపరు ప్రాత కట్టమీదనే నడువవలెను, అవసరమైనచోట తీగెలను మార్చి. ఇంజను తన సొంత కట్టమీద నడువవలెను. రెండును కలియు స్థలములు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే ఉండవలయును: బ్యాటరీ, తాళపు స్విచ్చి, స్టార్టరు, ఎర్తు, చార్జింగు దీపము, వేడిమి చూపు గడియారము. చిక్కు వచ్చినపుడు వెదుకవలసిన చోట్లు ఆ ఆరే.

ఈ ఆరింటిలో ఎర్తు అన్నిటికంటె ముఖ్యము. అయినను అందరును చులకన చేయునది అదే. విద్యుత్తు బ్యాటరీ నుండి పోయినంత మాత్రమున చాలదు, తిరిగి రావలయును. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుండును. రబ్బరు విద్యుత్తును పోనీయదు. అందుచేత ఇంజనుకును దేహమునకును నడుమ అల్లిన రాగిపట్టీ ఒకటి బిగింతురు. ఇంజను మార్చు తొందరలో ఆ పట్టీని మరచినచో ఏమగును? స్టార్టరు నూటికి పైగా ఆంపియర్లు కోరును. ఆ ప్రవాహము తిరిగి వచ్చుటకు ఏ దారి దొరికిన ఆ దారిని పట్టును. యాక్సిలరేటరు కేబులు లోని సన్నని ఉక్కు తీగె దానికి దొరకును. తాళము త్రిప్పిన రెండు మూడు క్షణములలో ఆ కేబులు ఎఱ్ఱగా కాలి, పైతొడుగు కరగి, లోపల బిగుసుకొనును. దారి నడుమ యాక్సిలరేటరు బిగిసినచో ఏమి జరుగునో వ్రాయనక్కరలేదు. కాలిన కేబులును మార్చి, కారణమును వెదుకక పంపివేయు షెడ్డులు లేకపోలేదు.

ఎర్తు ఉన్నను బలహీనముగా నున్నచో వేరొక విధమగు మోసము జరుగును. రంగు వేసిన రేకుమీద బిగించిన ఎర్తు ముడిలో 0.02 ఓముల నిరోధము కలదనుకొనుడు. రేడియేటరు ఫ్యాను 15 ఆంపియర్లు తీసికొనుచు ఆ ముడి గుండా పోయినచో, అచ్చట 15 × 0.02 = 0.3 వోల్టు ఏర్పడును. నీటి వేడిమిని చూచు సెన్సరు ఎర్తును గూడ అదే ముడికి కలిపినచో, ఇ.సి.యు. చదువు వోల్టేజి అంతమేరకు పెరుగును. ఆ సెన్సరు చల్లగా నున్నప్పుడు ఎక్కువ నిరోధమును, వేడెక్కిన కొలది తక్కువ నిరోధమును చూపునట్టిది. కనుక వోల్టేజి పెరిగినచో ఇ.సి.యు. నీరు ఉన్నదానికంటె చల్లగా నున్నదని భ్రమించి పెట్రోలు ఎక్కువ పోయును. పొగ నల్లబడును, మైలేజి పడిపోవును. మేస్త్రి సెన్సరు మార్చును, ప్లగ్గులు మార్చును, చివరకు ఇ.సి.యు. చెడినదనును. చెడినది ఒక బోల్టు క్రింది రంగు. కాబట్టి సెన్సరుల ఎర్తు తీగెలు దేహమునకు గాక నేరుగా ఇ.సి.యు.కే తిరిగి పోవలయును. బలమైన ఎర్తులు రేకును గీకి మెరుగు తెచ్చిన చోట బిగింపబడవలయును.

తీగె మందమును గూర్చి ఒక లెక్క. ఒక చదరపు మిల్లీమీటరు మందము, ఒక మీటరు పొడవు గల రాగితీగె నిరోధము సుమారు 0.017 ఓము. పెట్రోలు పంపు కారు వెనుక ట్యాంకులో నుండును. పోను రాను 8 మీటర్ల తీగె యనుకొందము. పంపు 6 ఆంపియర్లు తీసికొనును. మొత్తము నిరోధము 0.136 ఓము, దారిలో పోవు వోల్టేజి 0.8 వోల్టు పైచిలుకు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగె వేసినచో అది 0.33 వోల్టునకు తగ్గును. పోయిన వోల్టేజి ఎక్కడికి పోయినది? వేడిగా మారి తీగెలోనే యున్నది. సన్నని తీగెలో ఎక్కువ విద్యుత్తును పంపుట అనగా కార్పెట్టు క్రింద చిన్న పొయ్యి వెలిగించుట.

ఆ పంపు సంగతియే ఈ వ్యాసమునకు గుండెకాయ. ప్రాత ఇంజనులో పెట్రోలు పంపు ఇంజను త్రిప్పుటచే ఆడునది. ఇంజను ఆగిన పంపును ఆగును. క్రొత్త ఇంజనునకు సుమారు మూడు వాతావరణముల ఒత్తిడితో పెట్రోలు కావలయును గనుక విద్యుత్తు పంపు తప్పదు. దానిని ఇ.సి.యు. ఒక రిలే ద్వారా నడుపును. తాళము త్రిప్పగానే పంపు కొన్ని క్షణములు మాత్రమే ఆడి ఆగును. క్రాంకు షాఫ్టు తిరుగుచున్నదని సెన్సరు చెప్పిన పిదపనే మరల ఆడును. ఇంజను ఆగినచో పంపును ఆపివేయును. ఇది తెలియని మేస్త్రి, పంపు ఎందుకో ఆగిపోవుచున్నదని విసిగి, దానిని తాళపు తీగెకు నేరుగా కలుపును. ఇంజను చక్కగా స్టార్టగును! అందరును మెచ్చుకొందురు. ఆ కారు ఎచ్చటనో గుద్దుకొని పెట్రోలు గొట్టము తెగినదనుకొనుడు. ఇంజను ఆగును, నడుపువాడు స్పృహ తప్పి యుండును, తాళము తీయువారు లేరు. పంపు మాత్రము తన పని తాను చేయుచు, తెగిన గొట్టము గుండా వేడి ఇంజను మీదికి పెట్రోలు చిమ్ముచునే యుండును. తిరుగుట యొక్కటియే చూచి, ఆగుటను చూడకపోవుట యనగా ఇది.

అట్టిదే ఇంకొకటి, ప్రాణాపాయము లేనిది గాని విద్యార్థులకు ఆలోచింపదగినది. డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టిన తరువాత, తాళము తీసినను ఇంజను ఆగకుండుట కొన్ని బండ్లలో కలుగును. చూచువారు దయ్యమందురు. కారణము చార్జింగు దీపము. ఆ దీపపు ఒక కొన తాళపు తీగెకును, రెండవ కొన ఆల్టర్నేటరునకును కలిసి యుండును. తాళము తీసిన క్షణమున ఆల్టర్నేటరు ఇంకను తిరుగుచునే యున్నది. దాని విద్యుత్తు దీపము గుండా వెనుకకు నడచి తాళపు తీగెలో ప్రవేశించును. రెండు వాట్ల దీపము సుమారు 0.17 ఆంపియరును పోనిచ్చును. ఒక రిలేను ఆకర్షించి యుంచుటకు అంతకంటె ఎక్కువ అక్కరలేదు. పైగా ఒకసారి అంటుకొన్న రిలే, అంటుకొనుటకు కావలసినదానికంటె తక్కువ వోల్టేజితోనే పట్టుకొని యుండును. రిలే విడువదు, ఇంజను ఆగదు. ఆ తీగెలో ఒక డయోడును, విద్యుత్తు ముందుకే గాని వెనుకకు పోకుండునట్లు, పెట్టినచో దయ్యము వదలును. కొన్ని రూపాయల వస్తువు.

ఆల్టర్నేటరు చెప్పినప్పుడు ఆంమీటరును మరువరాదు. ప్రాత కార్లలో కొన్నింటికి డ్యాష్‌బోర్డు మీద 30 ఆంపియర్ల వరకు చూపు ఆంమీటరు కలదు; బండి విద్యుత్తు దాదాపు అంతయు దాని గుండా పోవును. 20 ఆంపియర్ల డైనమో యున్నన్నాళ్ళు అది హాయిగా నుండెను. 65 ఆంపియర్ల ఆల్టర్నేటరు వచ్చినచో అది నడుపువాని మోకాళ్ళ ముందు కాగును. ముల్లు అందముగా నున్నదని దానిని విడువలేకపోవుదురు. గాజును ముల్లును ఉంచుకొని, లోపల వోల్టుమీటరు పనితనము పెట్టించుట మేలు. ఆల్టర్నేటరు నుండి బ్యాటరీకి తిన్నగా మందమైన తీగె, దానికి తగిన ఫ్యూజు వేయవలెను.

మన వారికి ఇవన్నియు మైదానమున కంటె కొండమీద ఎక్కువ పరీక్షకు వచ్చును. తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరవబడినది, రెండవది 1974లో. ఇప్పుడు ఎక్కుటకు రెండవదియు దిగుటకు మొదటిదియు వాడుక. ఎక్కునప్పుడు బండి మెల్లగా పోవును, ఇంజను గట్టిగా పనిచేయును. ఎదురుగాలి తక్కువ గనుక రేడియేటరు చల్లబడుట ఫ్యానుమీదనే ఆధారపడును. ఫ్యాను తీగె సన్ననిదైనను, రిలే లేక స్విచ్చితోనే నడిపినను, ఆ ఎక్కుడులోనే బయటపడును. దిగునప్పుడు సమస్య వేరు: బ్రేకు పెడలునకు బలమిచ్చు వ్యాక్యూము పరికరము గల బండిలో ఇంజను నడుమ ఆగినచో కొన్ని త్రొక్కుల తరువాత పెడలు రాయివలె గట్టిపడును. తీగెలో వదులైన ఒక్క ముడి, మలుపులో ఇంజనును ఆపివేయ జాలును. ఇంజను శక్తి రెట్టింపు చేసి బ్రేకులను తాతల నాటివే ఉంచుట నా దృష్టిలో ఘోరమైన పని. కాని అది వేరు వ్యాసమునకు తగిన విషయము.

బ్యాటరీని గూర్చి చెప్పక విడుచుట, తిరుపతి వారికి తగదు. 1985లో స్థాపితమై కరకంబాడిలో పెరిగిన అమరరాజా సంస్థ బ్యాటరీలు దేశమంతట కార్లలో నున్నవి. సీసపు బ్యాటరీలో ఆరు అరలు, ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు, మొత్తము 12.6. ప్రాత కారు తాళము తీసిన పిదప దాదాపు ఏమియు త్రాగదు. క్రొత్త ఇ.సి.యు. నిద్రలోను కొంచెము త్రాగును. అది 0.05 ఆంపియరు అనుకొన్నచో, 35 ఆంపియరు-గంటల బ్యాటరీ 700 గంటలలో, అనగా ఇరువది తొమ్మిది దినములలో ఖాళీయగును. పండుగకు పండుగకు తీయు కారునకు ఇది పెద్ద సంగతియే. బ్యాటరీని విడదీయు స్విచ్చి ఒకటి పెట్టుట మంచిది.

తల్లిదండ్రులు చదువవలసిన భాగ మొకటి కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, నమోదు పత్రములోని వివరములు తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ విషయమును గట్టిగా చెప్పినది. ఇంజను మార్చు తలంపు కలిగిన దినముననే, మేస్త్రికి బయానా ఇచ్చుటకు ముందు, రవాణా కార్యాలయమునకు పోయి వ్రాతపూర్వకముగా అనుమతి అడుగవలయును. వ్రాయని మార్పు గల బండికి ప్రమాదము జరిగినచో బీమా సంస్థ అభ్యంతరము చెప్పవచ్చును. మరియొకటి: 2021లో వచ్చిన నియమముల ప్రకారము, మొదటి నమోదు నుండి ఏబది సంవత్సరములు దాటిన సొంత వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయించుకొనవచ్చును, వానికి వి.ఏ. అను అక్షరములు గల సంఖ్య యిత్తురు. కాని చట్రము, దేహము, ఇంజను పెద్దగా మారి యుండరాదు. తాతగారి కారు 1972 నాటిదైనచో, దానిలో క్రొత్త ఇంజను వేయించుట ఆ గౌరవమును పోగొట్టుకొనుటయే. అట్టి కారునకు ప్రాత ఇంజనునే బోరు చేయించి, తీగెలు మాత్రము ప్రాత రంగులలోనే క్రొత్తవి వేయించుట మేలని నా అభిప్రాయము.

అనుమతి దొరికి, పని సాగినచో, బ్యాటరీని మొదటిసారి కలుపునప్పుడు చేయదగిన పరీక్ష యిది. బ్యాటరీ ఋణధ్రువమునకును ఎర్తు తీగెకును నడుమ 21 వాట్ల బ్రేకు దీపపు బల్బు నొకదానిని కలుపవలెను. అన్ని స్విచ్చులు ఆపి యుండగా అది వెలుగరాదు; ఇ.సి.యు. మేల్కొని నిద్రించు కొద్ది క్షణములు మిణుకుమన్న మిణుకుమనవచ్చును. నిండుగా వెలిగినచో ఎచ్చటనో తీగె దేహమునకు తగిలియున్నదని తెలియును. బల్బు రెండు ఆంపియర్లకు మించి పోనీయదు గనుక ఏదియు కాలదు. ఒక్కొక్క ఫ్యూజు తీయుచు రాగా, ఏది తీసినప్పుడు బల్బు ఆరునో ఆ దారిలోనే తప్పు కలదు. తరువాత బల్బు తీసి, ఇంజను త్రిప్పి, వెంటనే ఆపి చూడవలెను: పంపు ఆగినదా, ఫ్యాను తన గడువు తీరగానే ఆగినదా, రిలేలన్నియు టక్కుమని విడిచినవా. చెవి పెట్టి వినవలెను. అటుపిమ్మట ఏ తీగె ఎచ్చట నుండి ఎచ్చటికి పోవుచున్నదో, దాని రంగు, మందము, ఫ్యూజు ఎంతో ఒక కాగితము మీద గీసి, దాని నకలు ఒకటి కారులోనే, చేతిసామానుల అరలో, నూనె అంటని సంచిలో నుంచవలెను. ఇరువది యేండ్ల తరువాత ఆ బండిని విప్పువాడు వేరొక మేస్త్రి.